నీటికుక్కల తోళ్ల ఓడ

నా చిన్నప్పుడు కందిచేలో నన్ను కరిచిన నాగుపాము పొడవెంతని ఎవరడిగినా, తల గిద్దలూరు స్టేషన్లో, తోక నల్లమలలో అని చెబుతాను. మా అమ్మ మాత్రం మూరెడే అంటుంది. కాలు మాత్రం నిజంగానే గుమ్మడికాయంత వాచింది.

పాము కరిచినవాణ్ణి నిద్రపోనిస్తే ఇక లేవడని మా వైపు నమ్మకం. నాయన ఎద్దుల్ని అదిలిస్తూ ఆస్పత్రికి బండి తోలుతున్నాడు. అమ్మ నా చెంపలు తడుతూ, "నిద్రపోవాకు నాయనా" అని ఏడుస్తోంది. ఆ ఏడుపే నాకు జోలపాటయింది. రెప్పల మీద మార్కాపురం పలకలన్నీ పేర్చినంత బరువు.

మాతో బండెక్కిన పక్కింటి అక్క కాలేజీలో చదివేది. నా తల ఒళ్లో పెట్టుకుని కథ మొదలుపెట్టింది. ఏదో వ్యాపార కంపెనీ తెరచాప ఓడ మంచు తీరం వెంబడి పోతూ, రేవు రేవునా ఇనప మేకులిచ్చి నీటికుక్కల బొచ్చుతోళ్లు కొంటుందట. వింటూనే జారిపోతున్నాను.

"గాలి పడిపోయింది. అప్పుడు కెప్టెను ఓడకు ఎద్దుల్ని కట్టినాడు."

కళ్లు తెరిచాను. "సముద్రంలో ఎద్దులేందక్కా?"

"ఒంగోలు ఎద్దులు రా. ఈదలేవా?"

"నీ మొగం!"

"సరే, ఆ తోళ్లన్నీ ఎండాకాలం త్రిపురాంతకంలో అమ్మినారు."

"ఈ ఎండకు బొచ్చెవరు కప్పుకుంటారు? నీకు కత చెప్పను రాదు, పో!"

"పిల్లోడు పోతాంటే ఎగతాళా నీకు?" అని అమ్మ అక్క మీద అరిచింది. నా రెప్పలు వాలగానే అక్క ఓడను కొండెక్కించింది. నాలుక మొద్దుబారినా తిట్టాను. తెరచాపకు కిటికీలు పెట్టింది. ఇంకా తిట్టాను. అలా తప్పు మీద తప్పు చెప్పి, నా చేత తిట్లు తిని, నన్ను డాక్టరు సూది దాకా చేర్చింది.

"బతిమాలితే కండ్లు మూస్తాండావు, కోపమొస్తే తెరుస్తాండావు. ఏం చేసేది?" అంది అక్క తర్వాత.

ఇప్పటికీ ఆస్పత్రి మంచాల దగ్గర నేను ధైర్యం చెప్పను, తగువు పెట్టుకుంటాను. పోయిన నెల దర్శిలో మా బావ ఎవరు పలకరించినా గోడవైపే చూస్తున్నాడు. వాళ్ల చేలో మిరపకాయలకు కారమే లేదన్నాను. "రేయ్, బయటికి పోరా!" అన్నాడు, వార్డు కప్పు ఎగిరిపోయేటట్టు.

బయటికొచ్చి, గోడకానుకుని, హాయిగా ఏడ్చాను.