శుద్ధి చేయని కలప

నేను కాపురానికి నిజామాబాద్ వచ్చిన రెండో ఏడు, అరవైల మొదట్లో, మా గల్లీ గోడ మీద మున్సిపాలిటీ వాళ్లు ఒక నోటీసు అంటించారు. పెరట్లోని ఆకులూ కట్టెలూ ఎట్లా కాల్చాలో అందులో ఉంది. అంతకు నాలుగు రోజుల ముందే గాలివానకు మా వేపచెట్టు కొమ్మలు విరిగిపడి, వాటి కింద పశువుల కొట్టం కూలింది. పెరడంతా కట్టెలే. అందుకే మా మామ పోయి ఆ నోటీసు ముందు కాసేపు నిలబడి, తిరిగి వచ్చి నన్ను పిలిచాడు.

మామ పాత నిజాం సర్కారులో ఉర్దూ దస్త్రాలు రాసిన మనిషి. తెలుగు అక్షరాలు రావు. మా ఆయన బోధన్‌లో చెరకు తూకం దగ్గర పనిచేస్తూ ఆదివారాలే వచ్చేవాడు. ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కదాన్నే. ఏర్గట్ల దగ్గర పసుపు పండించే ఇంట్లో పుట్టి ఏడో తరగతి దాకా చదివాను. ఆ చదువంటే నాకు గర్వం కూడా.

"జర సదువు బిడ్డ, ఏమంటున్నరో."

చదివాను. ఇంటికి ఇరవై అడుగుల దూరంలో కాల్చవలెను. పచ్చి ఆకులు కాల్చరాదు. శుద్ధి చేయని కలప మాత్రమే కాల్చవలెను.

మామ గుమ్మం నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. పద్నాలుగో అడుగుకే పక్కింటి గోడ తగిలింది.

"ఇంకారు అడుగులేస్తే వాళ్ల వంటింట్ల వడ్త. నడిచే అడుగా, కొలిచే అడుగా?"

"కొలిచే అడుగే కావొచ్చు మామా" అన్నాను. అదైనా ఊహే.

"మరి శుద్ధి అంటే?"

శుద్ధి అంటే మా ఊళ్లో ఇల్లు కడగడం, పురుడైన పదకొండో నాడు నీళ్లు చల్లడం. కలపను ఎవరు శుద్ధి చేస్తారు, ఎందుకు చేస్తారు? నాకేమీ అర్థం కాలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"కడగని కట్టె మామా."

"వానకు తడిసినయి గదా. కడిగినట్టేనా?"

ఇద్దరం కట్టెల వైపు చూస్తూ నిలబడ్డాం. చివరికి మామే, పచ్చి కొమ్మలు ఎండేదాకా ఆగుదాం, కొట్టం గుంజలు పాత ఎండు కట్టె, వాన తడి ఆరిపోయింది కాబట్టి వాటిని కాలుద్దాం అన్నాడు. చెదలు పట్టకుండా ఆ గుంజలకు ఏటేటా డాంబర్ పూసేవాళ్లం. అది నోటీసుకు సంబంధించిన సంగతి అని నా బుర్రకు తట్టలేదు.

అంటుకున్నాక నల్లటి పొగ లేచింది. గాలి మళ్లి అదంతా గోడ దాటింది. పక్కింటి అక్క బీడీలు చుట్టి బతికేది. చుట్టిన బీడీలు చాటలో ఎండబెట్టి ఉన్నాయి. మేం నీళ్లు చల్లేసరికే ఆలస్యమైంది.

మరునాడు అక్క నాలుగు బీడీలు పట్టుకొని వచ్చింది. కార్ఖానాలో వాసన చూసి చాట మొత్తం పక్కన పడేశారట.

"మామా, నువ్వే తాగి సూడు."

మామ ముట్టించి ఒక్క దమ్ము లాగాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గాడు.

"నోటీసు పెట్టిండ్రు గదా. ఎవలు సదివిండ్రు?" అని అక్క అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు, "నేనే సదివిన. తప్పు సదివిన."

అక్క ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది, మిగిలిన బీడీలు అరుగు మీద పెట్టి పోయింది. ఆయన ఎందుకట్లా అన్నాడో నాకు తెలియలేదు. నా పరువు కాపాడాడా, నా చదువు మీద నమ్మకం పోయి నన్ను పక్కన పెట్టాడా? ఆ పూట అన్నం వడ్డిస్తూ ఆయన ముఖం చూడలేకపోయాను.

తెల్లవారి నేనే మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి అడిగాను. అక్కడి గుమస్తా నవ్వలేదు. "రంగు, డాంబర్, మందు ఏది పూసినా శుద్ధి చేసినట్టే అమ్మా. దాన్ని కాల్చద్దు. పొగ విషం."

పూస్తే శుద్ధి అయినట్టట! పూసింది విషమట! ఇంటిదాకా ఆ రెండు మాటలూ కలపడానికి చూశాను, కలవలేదు.

ఆ వారమంతా పొద్దున పని కాగానే అక్క ఇంట్లో కూర్చున్నాను. పోయిన బీడీలకు బదులు చుట్టి ఇస్తానన్నాను. నేను ఆకు చింపేయడం, తంబాకు జారిపోవడం, ఆమె మళ్లీ విప్పి చుట్టడం. రెండో రోజు ఉండబట్టలేక చెప్పేశాను.

"అక్కా, సదివింది నేనే."

"ఎరుకే చెల్లె. మామకు తెలుగు సదువరాదని గల్లీ అంత ఎరుక." దారం పళ్లతో తెంపుతూ, "నువ్వు నాకు చెప్పినవని ఆయనకు చెప్పకు. బాధవడ్తడు" అంది.

చెప్పలేదు. ఆయన పోయేదాకా మా మధ్య ఆ మాట రాలేదు. కానీ ఆ తర్వాత కూడా ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆయన నన్నే పిలిచేవాడు, నేను చదివింది తలూపుతూ వినేవాడు. నమ్మి వినేవాడో, నేను నొచ్చుకుంటానని వినేవాడో, ఇప్పటికీ తేల్చుకోలేను.