గడియ పెట్టారు, పడలేదు

విమానాల గురించి జ్ఞాపకాలు కావాలంటే పత్రికలవాళ్లు పైలట్ల ఇళ్లకు వెళ్తారు. తలుపు మూయించి, ఇక ఎగరవచ్చని సంతకం పెట్టే మనిషి ఒకడుంటాడని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. నేను రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు లేదు. కనుక ఎవరూ అడగకుండానే రాస్తున్నాను.

1986 వేసవిలో మా విమాన సంస్థవాళ్లు నన్ను పెద్దపల్లి దగ్గరి ఒక చిన్న రన్‌వేకు లైసెన్సు గల విమాన నిర్వహణ ఇంజనీరుగా వేశారు. హోదా పెద్దది, గది చిన్నది. హైదరాబాద్ నుంచి వారానికి మూడు రోజులు పందొమ్మిది సీట్ల విమానం వచ్చి వెళ్లాలి. అయితే ఆ రకం విమానాలన్నీ అప్పటికి నాలుగు నెలలుగా నేల మీదే ఉన్నాయి. వేరే రాష్ట్రంలో ఒకదాని వెనక తలుపు గాలిలో తెరుచుకుంది. ప్రాణాలు పోలేదు కానీ పేరు పోయింది. తయారుచేసిన విదేశీ కంపెనీకి అమ్ముకోవడానికి ఉన్నది ఆ ఒక్క మోడలే. మన దగ్గర మళ్లీ ఎగిరితే ఆర్డర్లు నిలుస్తాయి, లేదంటే కంపెనీకి తాళం.

ఆ తలుపుకు నాలుగు ఉక్కు పిన్నులు. బయట హ్యాండిల్ తిప్పితే అవి చట్రంలో బయటివైపుకు తెరిచి ఉన్న రంధ్రాల్లోకి దిగాలి. పాత ఏర్పాటులో నాలుగూ చివరిదాకా దిగితేనే పైలట్ ముందున్న ఎర్రదీపం ఆరేది. అది ఒక పట్టాన ఆరేది కాదు, పైలట్లు దాన్ని పట్టించుకోవడం మానేశారు. కంపెనీవాళ్లు ఆలోచించి దీపానికి వైద్యం చేశారు. స్విచ్చును పిన్నుల దగ్గరి నుంచి తీసి హ్యాండిల్ దగ్గర బిగించారు. పిన్నులకు దట్టంగా గ్రీజు పూయమన్నారు. దీపం బుద్ధిగా ఆరడం మొదలైంది. కొబ్బరికాయ కొట్టి, దండ వేసి, సర్వీసు మళ్లీ ప్రారంభించారు. ఆ రోజు వేదిక మీద నాకు కుర్చీ వేయలేదు.

నా కింద మెకానిక్ రాజయ్య. ఆసిఫాబాద్ వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, పూర్వం బొగ్గు గనిలో ఫిట్టరు. రెండో వారంలో ఒకనాడు తలుపు మూసి నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గడియ పెట్టిన. గాని పడలే."

"దీపం ఆరింది కదా రాజన్నా?"

"దీపానికేమెరుక? అది హ్యాండిల్‌ను జూస్తది, తలుపును జూస్తదా? ఏలు పెట్టి జూసిన. రెండు పిన్నులు సగంలనే ఆగినయి."

నేనూ వేలు పెట్టి చూశాను. పక్కనున్న గ్రానైట్ క్వారీల దుమ్ము గ్రీజుకు పట్టి, రంధ్రాల్లో ముద్దగా గడ్డకట్టింది. హ్యాండిల్‌కూ పిన్నులకూ మధ్య స్ప్రింగు ఉండటంతో పిన్ను ఆగిపోయినా హ్యాండిల్ పూర్తిగా తిరుగుతుంది.

ముద్ద తీయించి, పిన్నులు దిగాకే విమానాన్ని పంపాను. లోపాల రిజిస్టరులో వివరం రాశాను. మన భాషలో గడియ పెట్టడం వేరు, పడటం వేరు. ఇంగ్లీషులో రెంటికీ నాకు ఒకటే మాట దొరికింది. దాంతో మొదటి వాక్యంలో గడియ వేసినట్టూ, రెండో వాక్యంలో వేయనట్టూ తేలింది. హైదరాబాద్ ఆఫీసులో ఎవరో మహానుభావుడు రెండో వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేసి, "పొరపాటు సవరించడమైనది, తలుపు బాగున్నది" అని రాసి పంపాడు. నేను వేరే మాట వెతకవలసిందని తర్వాత ఒక అధికారి అన్నారు. ఫోన్ ఎత్తి నన్ను అడగవలసిందని మాత్రం ఎవరూ అనలేదు.

మూడో వారంలో మా ప్రాంతీయ మేనేజరు కంపెనీ ఇంజనీరును వెంటబెట్టుకొచ్చాడు. వారితో పాటు ఇవే విమానాలు కొనాలనుకుంటున్న మరో సంస్థవాళ్లు ఇద్దరు. దుమ్ము నేల మీద కూడా తలుపు ఎంత చక్కగా పనిచేస్తుందో చూపించడం ఉద్దేశం. తిరుగు ప్రయాణానికి మామూలు ప్రయాణికులతో పాటు వాళ్లూ ఎక్కారు. రాజయ్య తలుపు మూశాడు, రంధ్రంలో వేలు పెట్టాడు, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

నేను సంతకం పెట్టనన్నాను. తలుపు తెరిపించాను. మేనేజరు దిగి వచ్చి, దీపం ఆరింది కదా, అతిథుల ముందు ఈ నాటకమేమిటని అడిగాడు. దీపం సంగతి దీపానిదనీ, నా సంతకం తలుపుకనీ చెప్పాను. ఈలోగా కరీంనగర్ వకీలు ఒకాయన తలుపులో నిలబడి కేకలేశాడు.

"ఏందయ్యా, ఒక్క గడియకు ఇన్ని గడియలు ఆపుతరా? హైకోర్టుల నా కేసు మీ రాజయ్య వాదిస్తడా?"

రాజయ్య చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "వాదిస్త వకీల్ సాబ్. గాని నడిమిట్ల తలుపు తెర్సుకుంటె మీ కేసు ఇంకా పై కోర్టుకు పోతది. ఆడికి నేను రాలేను."

వకీలు ఒక్క క్షణం పైకి చూసి, సంచీ తీసుకుని దిగాడు. ఆయన వెనక మిగతావాళ్లూ దిగారు.

కంపెనీ ఇంజనీరుకు తెలుగు రాదు. రాజయ్య ఎడమ పిడికిలిలోకి కుడి వేలు సగం దూర్చి "పెట్టుడు" అన్నాడు, పూర్తిగా దూర్చి "పడుడు" అన్నాడు. ఆయన తలుపు మళ్లీ మూయించి, రంధ్రంలో తన వేలు పెట్టి చూసుకున్నాడు. వేలికి బూడిదరంగు ముద్ద అంటింది. వెంటనే నోటుపుస్తకం తీశాడు. మా ఆఫీసు కొట్టేసిన వాక్యం ఆయనకు నిమిషంలో అర్థమైంది.

ముద్ద తీయించేసరికి చీకటి పడింది, దీపాల్లేని రన్‌వే కనుక ఆ రోజు విమానం వెళ్లలేదు. వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది: విదేశీ అతిథుల ఎదుట సంస్థ పరువు తీసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. వెంటనే బదిలీ, హైదరాబాద్ స్టోర్సులో నట్లూ బోల్టులూ చూసుకునే పని. రెండు నెలల తర్వాత కంపెనీ నుంచి అన్ని దేశాలకూ ఉత్తర్వు వెళ్లింది. స్విచ్చును తిరిగి పిన్నుల దగ్గరే బిగించాలి, గ్రీజు మానాలి. "ఒక చిన్న స్టేషనులో గమనించినందున" అని అందులో ఉంది. స్టేషను పేరు లేదు, నా పేరు లేదు, రాజయ్య పేరు అసలే లేదు. మా సంస్థ పత్రికలో మాత్రం కంపెనీవాళ్లతో చేయి కలుపుతున్న మేనేజరు ఫోటో వేశారు.

ఆ సవరణతో ఆర్డర్లు నిలిచి కంపెనీ మరికొన్నేళ్లు బతికింది. తర్వాత రెండో మోడల్ తయారుచేయలేక మూతపడింది. అందుకు బాధ్యుడిని నేనని ఇంతవరకు ఎవరూ మెమో ఇవ్వలేదు.

నేను నేర్చుకున్నది ఇది: సూచించే దీపాన్ని బాగుచేయడం సులువు గనుక మొదట దాన్నే బాగుచేస్తారు. సంతకం పెట్టేవాడు వస్తువును తాకి చూడాలి, చూసింది చదివేవాడికి అనుమానం రాని మాటల్లో రాయాలి. రెండోది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను, ఒప్పుకుంటాను.

ఇక మెమో సంగతి. ఏడు రోజుల్లో జవాబివ్వమన్నారు, నాలుగో రోజునే ఇచ్చాను. దాన్ని ఆమోదించారా, తిరస్కరించారా నేటికీ తెలియదు. మా పాత సంస్థ ఫైళ్లు ఇప్పుడు ఎవరి బీరువాలో ఉన్నా సరే, వారు నాకు రాతపూర్వకంగా చెప్పాలి: నేను దోషినా, కాదా? ఆ రెండో వాక్యం కొట్టేసింది ఎవరు?