ఆ పేరుతో ఆయనకేం పని

ఈ ఉదయం అరకు రోడ్డు మీద ప్రచార జీపు వెళ్లింది. మైకులో సార్ గొంతు, బొంగురుపోయి ఉంది. ముందుకు వంగితే తప్ప వినబడనంత మెల్లగా మాట్లాడే మనిషి, ఇప్పుడు కొండలు మారుమోగేలా అరుస్తున్నారు. కేంద్ర బ్యాంకులో పెద్ద పదవి వదిలి పార్టీలో చేరి, ప్రతిపక్ష నాయకుడయ్యారు. బ్యాంకు తరఫున ఆయన ఏజెన్సీకి వచ్చినప్పుడల్లా వెంట నడిచి, బ్యాంకు నివేదిక కోసం ఊళ్లవాళ్ల మాటలు రాసింది నేనే. అప్పట్లో నాది ఇక్కడి బ్యాంకులో ఉద్యోగం.

జి.మాడుగుల పైన ఒక ఊళ్లో ఒక ముసలమ్మ మాకు చోడి అంబలి పోసింది. "అడివి కొట్టి కాపీ మొక్కలేసినాం బాబూ. పట్టా నేదు. మరేటి తింతాం?" అంది. నేను రాసింది అక్కడికక్కడే ఆమెకు చదివి వినిపించమన్నారు సార్. విని, "నా పేరు కొట్టీ బాబూ, పారెస్టు గార్డు నా కొంప మీదకొస్తాడు" అంది. కొట్టేశాను. "మాట ఆమెది. మనం మోసేవాళ్లమే" అన్నారు సార్, కొండ దిగుతూ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఆ పద్ధతే పాటించాను. ఇంటికొచ్చాక సొంత డైరీలో మాత్రం ఆమె పేరూ ఊరూ రాసుకున్నాను.

నాయకుడయ్యాక నిరుడు మా ఇంటికొచ్చారు. పోడు భూములు లాక్కుంటున్నారని ప్రభుత్వాన్ని శాసనసభలో నిలదీయాలట. "అప్పట్లో ఇంటికెళ్లి డైరీ రాసుకునేవారుగా, అది ఇవ్వండి. ఆనాటి రాత చేత్తో పట్టుకుని ముసలమ్మ పేరూ ఊరూ చదివితేనే పట్టుంటుంది" అన్నారు. "ఆమెను అడగొద్దా సార్?" అన్నాను. నవ్వారు. "ఇది బ్యాంకు కాదండీ. అడుగుతూ కూర్చుంటే సమావేశాలు అయిపోతాయి." ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఆనాటి మర్యాద ఆమె కోసమా, ఫైలు శుభ్రంగా ఉండాలనా? ఆ పర్యటనలన్నీ ఈ మైకు కోసమేనా? పాత డైరీలన్నీ వరసగా తిరగేశాను. అనుమానానికి ఆధారం దొరకలేదు, విరుగుడూ దొరకలేదు.

రెండు రోజులు గడువడిగి, నేనే కొండెక్కి ఆమెకు సంగతి చెప్పాను. "నా పేరు సదివితే మా కొండ మాకుంటాదా?" అంది. తెలియదన్నాను. "అదిగో, నీకే తెల్దు. ఆ బాబుకేటి తెలుస్తాది? ఇయ్యకు. ఓట్లకొత్తాడు కదా, అప్పుడు నన్నే అడగమను, సెప్తాను" అని బోసినోటితో నవ్వింది.

డైరీ ఇవ్వనని ఫోనులో చెప్పాను. "మీరూ అటువైపేనా?" అని పెట్టేశారు. తర్వాత మా మధ్య పలకరింపు లేదు. సభలో ఆయన ప్రసంగం టీవీలో చూశాను. "ఒక గిరిజన తల్లి నాతో అంది..." అని ఒక్క క్షణం ఆగారు. ఒకసారి విన్న పేరు మరిచే మనిషి కాదాయన. ఆగింది ఆ పేరు మింగడానికా, బల్లల చప్పుడు కోసమా? ఆ రోజు పేజీలో రెండూ రాసి, రెంటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను. తెలియని చోట తెలియదని రాయడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.