పసుపు చీటీ డబ్బాకి పదికి పది

ఆర్డిస్‌కి డబ్బాల పిచ్చి. అన్ని డబ్బాలూ కాదు, క్రాన్‌బెర్రీ జెల్లీ డబ్బాలు. నవంబరు వచ్చిందంటే చాలు, డెబ్భై రెండేళ్ల ఆ మనిషి చుట్టుపక్కల మూడు ఊళ్ల కొట్లు గాలించి, ఒక్కో రకానిదీ ఒక్కో డబ్బా కొని, థాంక్స్‌గివింగ్ పండుగనాడు అన్నగారింట్లో వాటికి పోటీ పెడుతుంది. టర్కీ కోడి కోయడానికి ముందే ఇంటిల్లిపాదీ రుచి చూసి మార్కులు వెయ్యాలి. వెయ్యనివాళ్లకి కోడి లేదు.

ఇంకే ఊళ్లోనైనా ఇది చెల్లిపోయేదే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాళ్ల ఊరు బతికేదే క్రాన్‌బెర్రీ మీద. ఆర్డిస్ అన్నగారు ఆర్వల్‌కి నలభై ఎకరాల మడులున్నాయి. అక్టోబరులో నీళ్లు కడితే కాయలు ఎర్రగా తేలి వంటింటి కిటికీలోంచి కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో కొన్న డబ్బా తెరవడమంటే, చెరుకు తోటలున్న ఆసామి పెళ్లివారికి కొన్న బెల్లంతో పానకం పోసినట్టే. పైగా ఆర్వల్ భార్య కొరీన్ నారింజ తొక్కా దాల్చినచెక్కా వేసి కాచే క్రాన్‌బెర్రీ సాస్‌కి ఆ జిల్లాలో ఎదురులేదు.

“కిటికీ తీస్తే కాయలు చేతికందుతాయి. నువ్వేమో డబ్బాలు మోసుకొస్తావు. ఊళ్లోవాళ్లేమనుకుంటారు ఆర్డిస్?” అనేది కొరీన్ ఏటా.

“ఊళ్లోవాళ్లు నాకు కోడి పెడతారా వదినా? పెట్టేది నువ్వు. నువ్వేమనుకుంటావో చెప్పు.”

“సిగ్గుతో చచ్చిపోతున్నాననుకుంటాను.”

“చద్దువుగానిలే, ముందు మార్కులు వెయ్యి.”

వదిన చేసిన సాస్‌ని ఆర్డిస్ బల్ల దగ్గర ముట్టేది కాదు. గిన్నె తన ముందుకొస్తే పక్కకి జరిపేసి, “నాకొద్దు, దీనికి గీతల్లేవు” అనేది.

గీతలంటే డబ్బా గీతలు. ఆవిడ డబ్బా తెరవడం చూసి తీరాలి. ముందు అడుగున మేకుతో చిన్న చిల్లు పొడుస్తుంది, గాలి ఆడటానికి. తర్వాత మూత తీసి పళ్లెంలో బోర్లిస్తుంది. జెల్లీ ‘ప్లప్’మని ఒక్క ముక్కగా జారి, డబ్బా చుట్టలన్నీ ఒంటిమీద అచ్చుపడి, నిటారుగా నిలబడాలి. చప్పుడుకి రెండు మార్కులు, నిలబడ్డందుకు మూడు, ఊగినందుకు రెండు. రుచికి మూడే.

ఒక ఏడాది ఆర్వల్ కొడుకు వెస్ ఆకలి ఆగక జెల్లీలో చెంచా గుచ్చాడు.

“ఏం చేశావురా?” అంది ఆర్డిస్.

“తిందామని, అత్తా.”

“తినడానికి తొందరేమొచ్చింది? అది ఇంకా ఊగనే లేదు.”

ఆ ఏడాది వెస్ ఓటు చెల్లలేదు. అతను ఊళ్లో న్యాయవాది.

మార్కుల కాగితాలు ఆర్డిస్ ఎవరికీ చూపించేది కాదు. అన్నీ ఏప్రాన్ జేబులో కుక్కుకుని, వంటింట్లోకి పోయి కూడుకుని వచ్చి ఫలితం చెప్పేది. పదిహేనేళ్లుగా గెలుస్తున్నది ఒకటే, పసుపు చీటీ అంటించిన డబ్బా. కొట్లో అన్నిటికన్నా కింది అరలో ఉండే చవక రకం. భోజనాలయ్యాక వంటింటి తలుపు మూసి, గిన్నెలన్నీ తనొక్కతే తోమేది. ఎవరు సాయం వెళ్లినా తరిమేసేది. డబ్బాలు తెచ్చిన పాపాన్ని అలా కడుక్కుంటోందని కొరీన్ అనేది.

ఈ గోలలో ఆర్డిస్‌ని వెనకేసుకొచ్చేది వెస్ భార్య ట్రూడీ ఒక్కతే. పసుపు చీటీ డబ్బా ట్రూడీ తెచ్చేది మరి.

ట్రూడీ పరాయి ఇళ్లలో పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండేలోపల ప్రభుత్వం ఆమెని నాలుగు కుటుంబాలకి ఒప్పజెప్పింది. నాలుగిళ్లలోనూ పండుగంటే ఆ పసుపు చీటీ డబ్బాయే. పెళ్లికి ముందు వెస్ మొదటిసారి పండక్కి పిలిస్తే, ఉత్త చేతులతో వెళ్లకూడదని తనకి తెలిసినదే కొనుక్కుని బయలుదేరింది. కారు దిగేసరికి చుట్టూ మడులు, వాకిట్లో క్రాన్‌బెర్రీ బుట్టలు. డబ్బాని కోటు జేబులో దాచేసింది. అందరి కోట్లూ పడేసిన మంచం మీద తన కోటూ పడేసి, వట్టి చేతులతో బల్ల దగ్గర కూర్చుంది. తల ఎత్తలేకపోయింది.

గంట తర్వాత ఎవరో పెద్దావిడ మూడు డబ్బాలు బల్లమీద పెట్టి, “ఏటా పెట్టే పోటీ. ఈసారి నాకు మూడే దొరికాయి. ఎవరిదగ్గరైనా ఇంకోటుందా?” అంది. ట్రూడీ పరుగెత్తుకెళ్లి తెచ్చింది. అదే గెలిచింది. ఆరోజు తన అదృష్టం బాగుందని ట్రూడీ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఈ ఏడు కొరీన్‌కి ఓపిక చచ్చింది. క్రాన్‌బెర్రీ రైతుల సంఘం అధ్యక్షుడు హాల్వర్ పండగ భోజనానికి వస్తానన్నాడు.

“ఆయన ముందు డబ్బా జెల్లీ ఊగితే మీ మామయ్య ఊళ్లో తలెత్తుకోలేరు. డబ్బాలు మానేస్తే ఆర్డిస్‌ని రమ్మను. లేదంటే రావద్దని చెప్పు. నువ్వు చెబితే వింటుంది” అంది కోడలితో.

ట్రూడీ ఆవిడ ఇంటికి వెళ్లేసరికి ఆర్డిస్ పండక్కి గుమ్మడికాయ ‘పై’ రొట్టె చేస్తోంది.

“ఈసారి డబ్బాలు వద్దంటున్నారు మా అత్తయ్య. సంఘం అధ్యక్షుడు వస్తున్నాడట.”

“రానీ. ఆయనకి మాత్రం నాలుక లేదూ? మార్కులు వేస్తాడు.”

“డబ్బాలతో అయితే నిన్ను రావద్దన్నారు అత్తా.”

ఆర్డిస్ పిండి ఒత్తడం ఆపలేదు. “అయితే రాను. ఇక్కడే తింటాను. నేనూ, ఆరు డబ్బాలూ.”

“పండగపూట ఒక్కదానివా?”

“ఏడుగురమని చెబుతున్నానుగా. సరే, ఆ రేకు పెట్టెలో తెల్ల కార్డులుంటాయి, ఈ ఏటి మార్కులకి ఒకటి తీసిపెట్టు. నేలమాళిగలోంచి వెన్న తెస్తాను.”

పండగపూట ఆ మనిషి ఒంటరిగా కూర్చుంటుందన్న మాటే ట్రూడీకి మింగుడుపడలేదు. ఏదో ఒకటి చెప్పి ఒప్పించాలనుకుంటూ రేకు పెట్టె తెరిచింది. తెల్ల కార్డుల కింద పాతవి ఉన్నాయి, ఏడాదికొకటి. పైదాని మీద ఆర్డిస్ చేతిరాతలో, ‘పసుపు చీటీ: మైనం. పదికి రెండు’ అని ఉంది. దాని కిందటిది, ‘పసుపు చీటీ: మైనం. రెండు’. ఆ కిందటిది, ‘పసుపు చీటీ: ఈసారి మరీ మైనం. ఒకటిన్నర. వెస్ కూడా ఒకటే వేశాడు. మొదటి బహుమతి’.

ట్రూడీ గబగబా అడుగుదాకా తిరగేసింది. ఆఖరి కార్డు మీద తను మొదటిసారి వచ్చిన ఏడాది వేసి ఉంది. దాని కింద ఇంకేమీ లేదు, పెట్టె అడుగే. ఆ కార్డు మీద నాలుగు డబ్బాల పేర్లున్నాయి. నాలుగోది, ‘పసుపు చీటీ. కోటు జేబులోది’.

ఆర్డిస్ వెన్న పట్టుకుని పైకొచ్చింది.

“ఏటా పెట్టే పోటీ అన్నావు,” అంది ట్రూడీ. “అదే మొదటిది.”

“ఆ మరుసటి ఏడు నుంచి ఏటా పెట్టానుగా. అబద్ధమెక్కడుంది?”

“నా జేబులో డబ్బా చూశావు.”

“నా కోటు తీసుకుంటుంటే నీది డబ్బాతో సహా కిందపడింది. నా కాలి బొటనవేలి మీద. ఇప్పటికీ చలికాలం నొప్పెడుతుంది.” ఆర్డిస్ వెన్న బల్లమీద పెట్టింది. “ఆవేళ తెరిచి ఉన్నది పెట్రోలు బంకు కొట్టొక్కటే. మూడే రకాలున్నాయి. ఏం చెయ్యమంటావు?”

ట్రూడీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మైనమని రాసి మొదటి బహుమతి ఇచ్చావు. పదిహేనేళ్లు.”

“పోటీ నాది. బహుమతి నా ఇష్టం. ఎవడొచ్చి అడుగుతాడో అడగమను.”

“మరి నీకేది ఇష్టం అత్తా? ఇన్నిట్లో?”

ఆర్డిస్ తలుపువైపు చూసి గొంతు తగ్గించింది. “డబ్బాది ఏదీ నాకు పడదే. మా వదిన చేసే సాస్ ముందు ఇవన్నీ బలాదూరు. గిన్నెలు తోమేటప్పుడు అడుగున అంటుకున్నది గీక్కుని తింటాను. ఏటా చెంచాడు మిగిలితే గొప్ప. ఈ మాట ఎవరిదగ్గరైనా అన్నావో, నీ డబ్బాకి నిజం మార్కులు చదివేస్తాను.”

పండగనాడు కొరీన్ ఇంట్లో టర్కీ బల్లెక్కింది. హాల్వర్ రుమాలు ఒళ్లో పరుచుకున్నాడు. ట్రూడీ వాకిలి తలుపు తోసుకుని వచ్చింది. ఒక చేతిలో డబ్బాల సంచి, ఇంకో చేతిలో ఆర్డిస్ మోచెయ్యి. ఎవరినీ అడగకుండా ఆరు పళ్లేలు వరసగా పేర్చింది.

“ఏమిటిది ట్రూడీ?” అంది కొరీన్. “నేను వద్దన్నాను.”

“అన్నారత్తయ్యా. నేను వినలేదు. డబ్బాలు బయటుంటే ఆర్డిస్ అత్త బయట తింటుంది. ఆవిడ బయట తింటే నేనూ బయటే తింటాను. నేను లేకపోతే మీ అబ్బాయీ ఉండడు.”

“ఉండనా?” అన్నాడు వెస్, కోడి వంక చూస్తూ.

“ఉండవు.”

“ఉండనమ్మా,” అన్నాడు వెస్.

కొరీన్ మొహం క్రాన్‌బెర్రీ రంగుకి వచ్చింది. ఆర్డిస్ ఎవరినీ లెక్కచెయ్యకుండా మేకు తీసి మొదటి డబ్బాకి చిల్లు పొడిచింది. జెల్లీ ‘ప్లప్’మని జారి, అధ్యక్షుడి ముందు నిటారుగా నిలబడి ఊగింది.

హాల్వర్ కళ్లజోడు సవరించుకున్నాడు. “ఊగడానికి ఎన్ని మార్కులండీ?”

“రెండు,” అంది ఆర్డిస్. “బాగా చూసి వెయ్యండి. పక్కవాళ్లది చూడకూడదు.”

మూడో పళ్లెంలో పసుపు చీటీది. ట్రూడీ ఇన్నేళ్లూ గర్వంతో మింగిందేగాని, నాలుక మీద ఎప్పుడూ నిలపలేదు. ఇవాళ నిలిపింది. మైనమే. కొవ్వొత్తి నమిలినట్టే ఉంది. మింగి, మంచినీళ్లు తాగి, కాగితం మీద పదికి పది వేసింది.

ఆర్డిస్ వంటింట్లోకి వెళ్లి వచ్చి గొంతు సవరించుకుంది. “మూడో నంబరు. పసుపు చీటీ.”

“మళ్లీనా?” అన్నాడు ఆర్వల్.

“మళ్లీనే. అభ్యంతరమా అన్నయ్యా?”

ఆయనకేమీ అభ్యంతరం లేదు, కోడి చల్లారిపోతోంది.

భోజనాలయ్యాక కొరీన్ తన సాస్ గిన్నె అందుకుని మిగిలింది హాల్వర్ పళ్లెంలో ఊడ్చబోయింది. ట్రూడీ గిన్నె లాక్కుంది. “ఆయనకి చాలత్తయ్యా, ఇప్పటికే మూడుసార్లు వేసుకున్నారు.” అందులో ఇంకా సగం ఉంది. తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్లి, లోపల పెద్ద చెంచా వేసి, గిన్నెలు తోమబోతున్న ఆర్డిస్ ముందు పెట్టి, బయటికొచ్చి తలుపు తనే మూసింది.

లోపలినుంచి చెంచా గిన్నెకి తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

కొరీన్ కోపం కాస్త చల్లారింది. “పాపం, ఎంత శ్రద్ధగా తోముతోందో,” అంది.

“అవునత్తయ్యా. మీ గిన్నె అంటే ఆవిడకి ప్రాణం,” అంది ట్రూడీ.