అవ్వ పట్టుకున్న ఇంగ్లిష్ మాట

మా తమ్ముడు పెళ్లి చేసుకుంటానన్న అమ్మాయిది మేఘాలయ. మొయినాబాద్ దగ్గర ఒక దవాఖానలో నర్సు. తమ్ముడు అక్కడే ల్యాబ్‌లో పనిచేస్తాడు. వాళ్లూ మాలాగే చర్చికి వెళ్లేవాళ్లు కాబట్టి ఆ విషయంలో ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చిక్కల్లా భాషతోనే వచ్చింది. ఆ అమ్మాయికి తెలుగు రాదు. మా అమ్మకు తెలుగు తప్ప మరొకటి రాదు.

అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. ముడిమ్యాలలో కూరగాయలు పండిస్తుంది. నేను చేవెళ్లలో అత్తవారింట్లో ఉంటూ, మొయినాబాద్‌లో ఒక బడిలో ఇంగ్లిష్ చెబుతాను. ఆదివారం ప్రార్థన అయ్యాక అవ్వ దగ్గరికి వెళ్లడం నాకు అలవాటు. అలా వెళ్లిన ఒక ఆదివారం తమ్ముడు ఆ అమ్మాయికి ఫోన్ కలిపి అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వ గొంతు సవరించుకుని తన పేరు చెప్పింది. గాలికి సరిగ్గా వినబడలేదేమో, అటునుంచి అమ్మాయి మర్యాదగా, "సారీ ఆంటీ, ఐ డిడ్ నాట్ క్యాచ్ యువర్ నేమ్" అంది.

అవ్వ ఫోన్‌ను అరచేత్తో మూసి నావైపు తిరిగింది.

"క్యాచ్ అంటున్నది బిడ్డా. పోరగాళ్లు బంతాటల అంటరు గద. నేనేం ఇసిరేసిన్నని పట్టుకుంటది?"

నాకు నవ్వు ఆగలేదు. "నీ పేరు సమజ్ కాలేదంటున్నది అవ్వా. ఇంకోసారి చెప్పు" అన్నాను.

ఈసారి అవ్వ పక్క చేనులో వాళ్లకు కూడా వినబడేలా చెప్పింది. అమ్మాయి అటువైపు పకపకా నవ్వింది.

ఆ సాయంత్రం బీర పందిరి కింద కాయలు కోస్తూ అవ్వ నన్ను పట్టుకుంది. "కోడలితోని సైగలు చేసుకుంట ఎన్నొద్దులు బతుకుత? నాకు జర ఇంగ్లిష్ నేర్పు. ఎక్కువొద్దు. ఒక్క మాట చాలు, అన్నిటికీ పనికొచ్చేది."

"అయితే క్యాచే నేర్చుకో" అన్నాను. బంతిని అందుకున్నా క్యాచే, పరుగెత్తి బస్సెక్కినా క్యాచే, జలుబు చేసినా, దొంగ దొరికినా, చివరికి ఎదుటివాళ్ల మాట చెవికెక్కినా అదేనని చెప్పాను.

అవ్వ చెయ్యి ఆగింది. "అరే, ఇది మన పట్టుడే గద!" అంది, ఇంటి మనిషి ఎదురుపడినంత సంతోషంగా.

ఇక మాకు తిప్పలు మొదలయ్యాయి. పొద్దున్నే నాకు ఫోన్ చేసి "బస్సు క్యాచ్ చేసినవా?" అని అడిగేది. పక్కింటామె దగ్గుతుంటే, "క్యాచ్ అయింది నీకు, మిరియాల పాలు తాగు" అని చెప్పేది. ఒకరోజు కాబోయే కోడలితో ఫోన్‌లో, "రైస్, హాఫ్ అవర్ క్యాచ్" అంది. అన్నానికి అరగంట పడుతుందని చెప్పడం అన్నమాట.

"టైంకు క్యాచ్ రాదవ్వా, టేక్ అనాలె" అన్నాను.

"జలుబుకు పట్టే మాట టైంకెందుకు పట్టదు? నీ ఇంగ్లిష్‌ల ఏదో లోపమున్నది" అని నన్నే గదిమింది. పిల్లలకు వ్యాకరణం చెప్పే నేను ఆ రోజు నుంచి అవ్వను దిద్దడం మానేశాను.

పెళ్లికి ముందు ఆ అమ్మాయి మొదటిసారి ఇంటికి వచ్చింది. లేత ఆకుపచ్చ చుడీదారు వేసుకుని, అరుగు మీద ఒద్దికగా, కొంచెం బెదురుగా కూర్చుంది. అవ్వకూ బెదురుగానే ఉంది. కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికీ బయటికీ తిరిగింది కానీ ఒక్క మాటా పెగల్లేదు. చివరికి వంట సంగతి చూద్దామని వాకిట్లో గంప ఎత్తగానే దాని కింద మూసిపెట్టిన పుంజు రెక్కలు టపటపలాడించి తప్పించుకుంది.

అప్పుడు వచ్చింది అవ్వకు ఇంగ్లిష్. "క్యాచ్! క్యాచ్!" అని ఒకటే అరుపు.

తమ్ముడు కొత్త తెల్లచొక్కాతో ఉరికి, పెరట్లో నీళ్లు పారే కాలువలో బోర్లా పడ్డాడు. నేను అటు తోలితే పుంజు ఇటు వచ్చింది. అమ్మాయి చెప్పులు విడిచింది. చున్నీ నడుముకు బిగించి, పరుగెత్తకుండా వంగి, నాలుకతో చిత్రంగా చప్పుడు చేస్తూ మెల్లగా దాన్ని గోడ మూలకు నడిపించింది. ఒక్క ఊపులో రెక్కలు కలిపి పట్టేసింది. వాళ్ల ఊళ్లో ఇంటినిండా కోళ్లేనట, చిన్నప్పటి నుంచీ అదే పనట.

"క్యాచ్, ఆంటీ" అంటూ పుంజును అవ్వకు అందించింది.

అవ్వ దాన్ని అందుకోకుండా అమ్మాయి బుగ్గలు పుణికి మెటికలు విరిచింది. "పిల్ల పట్టిన పుంజును ఎవరన్న కోస్తరా? ఇడువు దాన్ని" అంది. నేను ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పేసరికి అమ్మాయి నవ్వుతూ పుంజును వదిలేసింది. ఆ పూట గుడ్ల పులుసుతో సరిపెట్టుకున్నాం. తమ్ముడు మా నాన్న పాత లుంగీ కట్టుకుని తిన్నాడు.

భోజనాల దగ్గర అమ్మాయి నాతో నెమ్మదిగా ఒక మాట చెప్పింది. మేమంతా మాట్లాడుకునేది తనకు సగం కూడా అందడం లేదని, ఈ ఇంట్లో ఎప్పటికీ కొత్తదానిలాగే మిగిలిపోతానేమోనని భయంగా ఉందని. నేను అవ్వకు చెప్పాను. అవ్వ అమ్మాయి కంచంలో ఇంకో గుడ్డు వేసి, వీపు నిమిరింది.

"నో ఫికర్. హాఫ్ క్యాచ్, గుడ్" అంది.

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది. అన్నమంతా తిని, పులుసు మళ్లీ అడిగి వేయించుకుంది.

పెళ్లి చేవెళ్లలోనే జరిగింది. ఇప్పుడు మరదలు అవ్వను అవ్వా అనే పిలుస్తుంది, బీరకాయ పచ్చడి నూరుతుంది. వాళ్లిద్దరిలో ఒకరి మాట ఇంకొకరికి చెప్పడానికి మొదట్లో నేను ప్రతి ఆదివారం తప్పనిసరిగా కావలసివచ్చేది. మొన్న వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంది. ఫోన్ చేస్తే అవ్వ, "మేం షాబాద్‌కొచ్చినం, చీరలు చూస్తున్నం. తాళంచెవి పక్కింట్ల ఉన్నది. అన్నం తిని జర పండుకో బిడ్డా" అంది. వెనకాల మరదలు దుకాణం అతనితో, "అన్నా, జర తగ్గియ్యి" అని బేరమాడుతోంది. నేను తాళంచెవి తెచ్చుకుని, పచ్చడితో కడుపునిండా తిని, చల్లటి బండల మీద హాయిగా పడుకున్నాను.