నాకు రాసిన బీపీ మాత్రలు

చేతులు బయట పెట్టరాదని రాసి ఉన్న బస్సులోనే నేను చెయ్యి బయట పెట్టాను. పటమట దగ్గర ఒక లారీ రాసుకుంటూ పోయి నా కుడిచేతి వెనక చర్మం ఒలుచుకుపోయింది. డెబ్భైల నాటి మాట. టైపిస్టు ఉద్యోగం దొరికి అప్పటికి మూడు నెలలే.

ఆస్పత్రిలో డాక్టరుగారు నా పొట్టమీది చర్మాన్ని ఒక పక్క అంటి ఉండగానే లేపి, చేతికి కుట్టారు. మూడు వారాలు చెయ్యి పొట్టకు అతుక్కునే ఉండాలి. ఆ చర్మం బతికితే ఉద్యోగం ఉంటుంది, నల్లబడితే ఊడుతుంది. తలుచుకుంటే ఏడుపొచ్చేది.

రెండోరోజు అంచు నీలంగా కనబడింది. ఆయన బీపీ మాత్రలు రాశారు.

“మీకు బీపీ లేదమ్మా. వీటితో రక్తనాళాలు వదులై, ఆ చర్మానికి రక్తం బాగా అందుతుందేమోనని చూస్తున్నాం.”

నాకు తోడున్న పెద్దమ్మ అందులో బీపీ ఒక్కటే పట్టుకుంది. పెళ్ళికాని పిల్లకు బీపీ ఏమిటని ఆవిడ బెంగ. ఆ పూటనుంచి నాకు ఉప్పులేని పప్పే. ఆవకాయ నా కంటికి కనబడకుండా దాచేసింది. వేళకు మాత్రలు వేసే పనీ ఆవిడదే.

డాక్టరుగారు రోజూ అడిగేవారు, “కళ్ళు తిరుగుతున్నాయా?”

“లేదండీ.”

“మందు మీకు బాగా పడింది.”

అంచున కాస్త నల్లబడి ఊడింది కానీ, మిగతాదంతా బతికింది. చెయ్యి విడదీశాక ఆయన జూనియర్లను పిలిచి మరీ చూపించి, మాత్రల గొప్ప చెప్పారు. నేనూ పొంగిపోయాను.

ఇంటికొస్తూ గన్నవరం బస్సులో పెద్దమ్మ నెమ్మదిగా బయటపెట్టింది. “అవి నీకు వెయ్యలేదే. ఒకసారి మొదలెడితే కాటికి పోయేదాకా మింగాలంట. చిన్నపిల్లవి. నా బలం మాత్రలు వేశా.”

“మరి అవి?”

“పారేస్తామా? నాకు బీపీ ఉందని ఎప్పుడో అన్నారుగా. నేనే మింగుతున్నా. తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది.”

మళ్ళీవారం పెద్దమ్మతో కలిసి చూపించుకోడానికి వెళితే, నా మంచం మీద ఇంకొకావిడ ఉంది. కాలికి కుట్టిన చర్మం, అవే మాత్రలు. నా సంగతి డాక్టరుగారు చెప్పారట. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంటూ అడిగింది. “లేస్తే కళ్ళు తిరుగుతున్నాయండీ. మీకూ ఇలాగే ఉండేదా?”

నాకు భయమేసింది. తిన్నగా డాక్టరుగారి దగ్గరకెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన నా చెయ్యి ఒకసారి తిప్పి చూశారు. ముందు ఆ మంచం మీదావిడకు మాత్రలు ఆపించారు. తర్వాత బీపీ మిషను తెప్పించి పెద్దమ్మ చేతికి కట్టారు.

“మందు బాగానే పనిచేస్తోందండీ,” అన్నారు, ఎంతో దిగులుగా.