మా అన్న చెయ్యి

మొన్న గోడకున్న మా అన్న ఫోటోకు చెదలు పట్టాయి. చూసేసరికి కింది నుంచి కాళ్ళ దాకా తినేశాయి. మిగిలింది కూడా పోకముందే ఇంకొకటి తీయించుకుందామని ఆటో ఎక్కి కళ్యాణదుర్గం పోయాను. స్టూడియో అతను ఫోటోను అటూ ఇటూ తిప్పి, కంప్యూటర్లో కొత్త బూట్లు పెడతానన్నాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు వేసుకున్నవి కూడా మావి కావు, స్టూడియోవే. పెద్దవైతే లోపల కాగితాలు కుక్కారని అమ్మ చెప్పేది.

అందులో మా అన్నకు ఆరేళ్ళు. తలకు నూనె ఎక్కువ, ముఖానికి పౌడరు ఎక్కువ, వెనక తెర మీద మేమెవరమూ చూడని సముద్రం. చేతిలో మాత్రం కాయలతో ఉన్న శెనక్కాయ చెట్టు. దాన్ని పక్కన పెట్టమని స్టూడియో ఆయన ఎంత చెప్పినా నాయన ఒప్పుకోలేదట. ఎందుకంటే ఆ ఏడు మా చేనులో తొలి విత్తనం వేసింది మా అన్నే. మా వైపు విత్తేరోజు మొదటి పిడికెడు, చెయ్యి మంచిదని పేరున్నవాళ్ళతో వేయిస్తారు. ఆ ఏడు వానలు బాగా పడి కాయ విరగకాసింది. అంతే, ఆ పేరు మా అన్నకు వచ్చేసింది.

అప్పటినుంచి తొలి వాన పడితే చాలు, మా వాకిట్లో మనుషులు. మా అన్నకు తలస్నానం చేయించి, బొట్టు పెట్టి, ఎత్తుకుని పోయేవాళ్ళు. వాళ్ళు పెట్టిన బెల్లంలో నాకూ వాటా ఉండేది. మా అన్నను పెళ్ళయ్యాక కూడా పిలిచేవాళ్ళు. అన్నం తినేటప్పుడు తప్ప ఆ చేతికి ఇంకో పని చెప్పడని వదిన ఎగతాళి చేసేది. బయటికి చెప్పడు గానీ, మా అన్నకు ఉన్న ఆస్తంతా ఆ పేరే.

తర్వాత వానలు మొహం చాటేశాయి. వేసిన విత్తనం వేసినట్టే మాడిపోయేది. వరసగా అట్లాగే. ఒక ఏడు ఎవరూ పిలవకపోయినా మా అన్న స్నానం చేసి చిన్నాయన చేనికి పోయాడు. ఎద్దులకు విత్తే గొర్రు కట్టి ఉంది. చిన్నాయన ముఖం చూడకుండా, "ఈసారి నువ్వు ముట్టుకోవద్దులే అప్పా," అన్నాడు.

"ఏమి చిన్నాయనా?"

"ఏమీ లేదు. చూస్తాండావు గదా."

మా అన్న ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు. ఆ రోజు నుంచి విత్తనం ముట్టలేదు. సొంత చేనులో కూడా వదినే వేసేది. కొన్నాళ్ళకు బెంగళూరు పోయి ఒక గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. అక్కడ కుండీలో పూలమొక్క నాటమన్నా ఇంకొకరిని పిలిచేవాడట.

దగ్గు పట్టుకుని మా అన్న ఊరికి వచ్చేసిన ఏడు, తొలి వాన పడగానే మా ఆయన్ను ఒప్పించి తన దగ్గరికి పోయాను. "అన్నా, మా చేనికి నువ్వే ఎయ్యల్ల," అన్నాను. రెండు చేతులూ తువ్వాల కింద పెట్టుకున్నాడు.

"వద్దు పాపా. మీరన్నా తినండి."

విత్తేరోజు మా చేను గట్టు మీద కూర్చుని చూస్తూ ఉన్నాడు. నేనే వేశాను. ఆ ఏడు అదునుకు వానలు పడ్డాయి, ఎన్నో ఏళ్ళ తర్వాత పంట ఇంటికొచ్చింది. కళ్ళంలో రాశి చూసి నేను సంతోషపడుతుంటే మా అన్న మెల్లగా అన్నాడు, "చూసినావా పాపా, నేను ముట్టకపోతే ఎట్ల పండినాదో."

వచ్చే ఏడు లాక్కొచ్చైనా వేయించాలి, పండితే ఆ మాట దానంతట అదే పోతుంది అనుకున్నాను. చలికాలంలోనే మా అన్న పోయాడు. చేను మీద బతికేవాళ్ళకు ఒక మాట తప్పని తేలాలంటే ఇంకో ఏడు కావాలి. మా అన్నకు ఆ ఏడు మిగల్లేదు.